నెలలో పది కిలోలా? ముందు లెక్క చూడండి

ముప్కాల్‌లో బస్సెక్కి ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ కాలేజీకి చేరేలోపు మీ ఫోన్‌లో బరువు తగ్గించే రీల్స్ ఎన్ని వస్తాయో ఒకసారి లెక్కపెట్టండి. 'నెలలో పది కిలోలు', 'వారంలో పొట్ట మాయం', 'పడుకునే ముందు పసుపు నీళ్లు'. పసుపు నీళ్లకే కొవ్వు కరిగేదుంటే, ఇంత పసుపు పండే మన జిల్లాలో లావు మనిషే కనిపించకూడదు కదా!

ఇంటర్వ్యూలో ఎలా కనిపిస్తామోనని బెంగ, కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో పరుగెత్తగలమా అని భయం. వాటిని తప్పు పట్టను. కానీ ఆ బెంగతో వెయ్యో రెండు వేలో పౌడర్ డబ్బాకు పెట్టేముందు ఇంజినీరింగ్ చదివినవాడిగా ఒక చిన్న లెక్క చెప్తా.

కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కిలోక్యాలరీల శక్తి ఉంటుంది. పది కిలోలంటే 77,000. ముప్పై రోజులకు పంచితే రోజుకు 2,560 పైమాటే. మామూలు యువకుడు రోజంతా ఖర్చు చేసేదే దాదాపు 2,000 నుంచి 2,500. అమ్మాయిలకు ఇంకా తక్కువ. అంటే నెలంతా మెతుకు ముట్టకున్నా ఆ లెక్క తేలదు.

మరి మొదటి వారంలోనే కాంటా మీద రెండు మూడు కిలోలు తగ్గినట్టు కనిపిస్తుంది, అదెట్లా? అది అబద్ధం కాదు. అన్నం, రొట్టె మానేస్తే కాలేయంలో, కండరాల్లో దాచి ఉన్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది పోతే నీరూ పోతుంది. మళ్లీ అన్నం తినగానే రెండూ తిరిగొస్తాయి. నీళ్లకూ కొవ్వుకూ తేడా కాంటాకు తెలియదు. రీల్ చేసినవాడికి తెలిసినా చెప్పడు.

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ డైట్ తెలుగు రాష్ట్రాల్లో ఎంత ఊపు ఊపిందో ఇంట్లో పెద్దలను అడగండి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్ర. అన్నం బంద్. టీవీల్లో డాక్టర్లతో వాదనలే వాదనలు. తగ్గినవాళ్లున్నారు, కాదనను. కానీ ఇలాంటి ఏ డైట్‌కైనా మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పేది తగ్గినవాళ్లే. మధ్యలో మానేసినవాళ్లు, మళ్లీ పెరిగినవాళ్లు మైకు దాకా రారు. కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ చూడండి. ర్యాంకర్ల ఫొటోలు ఉంటాయి, మొత్తం ఎంతమంది చేరారో ఉండదు. ఇదీ అంతే. ఇంకోమాట, ఇంట్లో షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఒక్కసారిగా అన్నం ఆపేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. వాట్సాప్ ఫార్వర్డ్ నమ్మే అమ్మానాన్నలకు ఈ సంగతి మీరే చెప్పాలి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అర కిలో తగ్గడం సురక్షితమంటుంది. అంటే రోజుకు 550 క్యాలరీల తేడా, పది కిలోలకు ఇరవై వారాలు. ఈ మాటతో రీల్ చేస్తే ఎవరు చూస్తారు?

చట్టం కూడా ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో ఊబకాయం పేరుంది. ఏ మందుతోనైనా దాన్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. కరెంటు స్తంభాల మీది పోస్టర్లను ఇకపై ఆ కళ్లతో చూడండి.

ఏమీ మార్చకుండానే బరువు ఒక్కసారిగా పెరిగితే అది డైట్‌తో తేలే సంగతి కాకపోవచ్చు. థైరాయిడ్ కావచ్చు, అమ్మాయిల్లో పీసీఓడీ కావచ్చు. ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోండి.

ఇక పోలీసు ఉద్యోగానికి తయారయ్యేవాళ్లకు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలన్నారు. ఎత్తు కొలిచారు గానీ బరువు తూచలేదు. ఆ పరుగుకు కండరాలు వాడుకునే ఇంధనం గ్లైకోజెనే. వారం ముందు అన్నం మానేసినవాళ్లు దాన్ని ఖాళీ చేసుకుని గ్రౌండ్‌లోకి దిగుతారు.