చెల్లినంత మాత్రాన సరైనది కాదు

ఎక్స్‌ఎంఎల్ పత్రం దాని నియమాలు చెప్పే స్కీమాకు సరిపోతే అందులోని సమాచారం కూడా సరైనదేననీ, సంఖ్య, తేదీ వంటి టైపులు ఎన్ని ఉంటే తనిఖీ అంత గట్టిదనీ సాఫ్ట్‌వేర్ రంగంలో పాతుకుపోయిన నమ్మకం. 2001 మేలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం సిఫారసుగా వెలువడిన స్కీమా భాష ఎక్స్‌ఎస్‌డీ దానికి ఊతమిచ్చింది. పత్రం నియమాలకు లోబడి ఉందో లేదో చెప్పడం ఒక పని, అందులోని ప్రతి భాగానికీ టైపు అంటగట్టడం వేరే పని. ఈ నమ్మకం రెంటినీ కలిపేస్తుంది.

అంతకుముందున్న స్కీమా పద్ధతి డీటీడీకి ఎలిమెంట్ల లోపలి పాఠ్యం సంఖ్యో తేదీయో తెలియదు. ఆ లోటు నిజమే. దాన్ని పూడ్చడానికి ఎక్స్‌ఎస్‌డీ 19 మూల టైపులనూ, వాటి నుంచి పుట్టిన మరో 25 టైపులనూ ఇచ్చింది. అయితే హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040ని పూర్ణాంకంగా ప్రకటిస్తే 040 చెల్లుతుంది, 40 కూడా చెల్లుతుంది. రెంటి విలువా ఒకటే. స్ట్రింగ్‌కు అంకెల నమూనా జోడిస్తే చిక్కు తీరుతుంది, కానీ అప్పుడు కాపాడింది నమూనాయే, పూర్ణాంక టైపు కాదు.

అసలు నష్టం మరోచోట ఉంది. ప్రతి ఎలిమెంట్‌కూ ఒకే టైపు తేలాలి కాబట్టి, ఒక ఎలిమెంట్ లోపల ఒకే పేరుతో వచ్చే వాటన్నిటికీ ఒకే టైపు ఉండాలని ఎక్స్‌ఎస్‌డీ పట్టుబడుతుంది. అందువల్ల చెల్లింపు విధానం 'కార్డు' అని యాట్రిబ్యూట్‌లో ఉంటేనే లోపల కార్డు సంఖ్య ఉండాలన్న మామూలు నియమానికి కూడా ఎక్స్‌ఎస్‌డీ 1.0లో సూటి దారి లేదు. ముగింపు తేదీ ప్రారంభ తేదీకి ముందు పడినా రెండూ తేదీలే కనుక పత్రం తనిఖీ దాటిపోతుంది. టైపుల కోసం తనిఖీనే కుదించుకోవడమంటే ఇదే.

జేమ్స్ క్లార్క్, మురాతా మకోటో రూపొందించిన మరో స్కీమా భాష రిలాక్స్ ఎన్‌జీ తనిఖీకీ టైపులకూ ఈ ముడి వేసుకోలేదు. దానికి సొంతంగా ఉన్నవి రెండే టైపులు. మిగతావి బయటి లైబ్రరీ నుంచి, కావాలంటే ఎక్స్‌ఎస్‌డీ నుంచే తెచ్చుకోవచ్చు. కార్డు నియమం దానిలో తేలికగా ఇముడుతుంది. డాక్‌బుక్ 5, ఓపెన్‌డాక్యుమెంట్ దాన్నే ఎంచుకున్నాయి. తేదీల పోలికకు రిక్ జెలిఫ్ రూపొందించిన, షరతులతో పత్రాన్ని తనిఖీ చేసే స్కీమట్రాన్ ఉంది. 2012లో వచ్చిన ఎక్స్‌ఎస్‌డీ 1.1 ఈ లోట్లు తీర్చిందని వాదించవచ్చు. తేదీల లోటును తీర్చింది మాత్రం కొత్త టైపులు కావు, స్కీమట్రాన్ తరహాలో ఎక్స్‌పాత్ భాషలో రాసే షరతులు.

ప్రోగ్రాముల్లోకి డేటా తెచ్చుకోవడానికి టైపులు కావాలన్నది బలమైన ఆక్షేపణే. అయితే ఆ అవసరం చదివే ప్రోగ్రాముది. ఇన్వాయిస్‌లోని 100.00ను లెక్కల ప్రోగ్రాము దశాంశ సంఖ్యగా తీసుకుంటుంది. పత్రాన్ని భద్రపరిచే ప్రోగ్రాముకు ఆ సున్నాలతో సహా ఉన్నది ఉన్నట్టే కావాలి. ఈ రెంటిలో ఏది అసలు విలువో స్కీమా రాసేవారు ముందే తేల్చిపెట్టడానికి తగిన కారణం లేదు.