వేదికపై నావికుడేడీ?

ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం రీత్యా 80 శాతానికి పైగా సరకు సముద్రం మీదుగానే సాగుతోంది. ఆ వ్యాపారం గురించి చర్చించే ఏథెన్స్ పోసిడోనియా, హాంబర్గ్ ఎస్ఎంఎం వంటి అంతర్జాతీయ సంరంభాల వరుసలో ముంబయి కూడా చేరింది. 2023లో గ్లోబల్ మారిటైమ్ ఇండియా సమ్మిట్, 2025లో ఇండియా మారిటైమ్ వీక్ అక్కడే జరిగాయి. బిమ్స్‌టెక్ దేశాల రేవుల సదస్సుకు విశాఖ రెండుసార్లు ఆతిథ్యమిచ్చింది. ఇవి జరగాల్సిందే. అయితే ఓడ నడిపేవాడి గొంతు వినిపించని సదస్సు నౌకారంగ సదస్సు కాదు. ప్రధాన వేదికపై నావికుడికి చోటు తప్పనిసరి చేయాలి.

సిరియాకు చెందిన మహమ్మద్ ఆయిషా ఉదంతమే చూడండి. పత్రాల గడువు తీరిందని 2017లో ఈజిప్టు అధికారులు ‘అమన్’ నౌకను నిలిపివేశారు. అక్కడి న్యాయస్థానం ఆ ఓడలోని చీఫ్ ఆఫీసరైన ఆయిషాను దానికి చట్టబద్ధ సంరక్షకుడిగా నియమించింది. తోటివారంతా వెళ్లిపోయినా, ఆ బాధ్యత వల్ల ఆయన ఓడను వీడే వీల్లేకపోయింది. కరెంటు లేని ఓడలో ఆయన ఒంటరిగా మిగిలారు. ఫోన్ ఛార్జింగుకు, తిండికి ఒడ్డుకు ఈదుకుంటూ వెళ్లేవారు. 2021 ఏప్రిల్‌లో గానీ ఇల్లు చేరలేదు.

ఇది ఒక్కడి కథ కాదు. 2024లో 312 ఓడల్లో మూడు వేలమందికి పైగా నావికులను యజమానులు గాలికొదిలేశారని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్కగట్టింది. బాధితుల్లో భారతీయులే అత్యధికం. ఇలాంటివారి కోసం బీమా ఉన్నా, బకాయి జీతాల్లో అది చెల్లించేది నాలుగు నెలల వరకే. అప్పుచేసి ఏజెంట్లకు డబ్బు కట్టి ఓడెక్కిన కుర్రాడికి అది ఏ మూలకు?

ఓడల యజమానులు, బీమా సంస్థలు, ఓడలను నమోదు చేసుకుని జెండా ఇచ్చే దేశాలు, రేవుల అధికారులు... జవాబు చెప్పాల్సిన వారంతా ఒకే కప్పు కింద కూర్చునేది ఈ సదస్సుల్లోనే. నావికుల సంక్షేమం ఊసే ఎత్తరని కాదు. వారి తరఫున తీరంలో ఉన్నవారు మాట్లాడటమే రివాజైంది. నిర్వాహకులకు రాబడి స్పాన్సర్లు, స్టాళ్ల అద్దెలు, ప్రతినిధుల రుసుముల నుంచి వస్తుంది. డబ్బు కట్టినవారికి మైకు, కష్టపడేవారికి మౌనం దక్కడం అన్యాయం.

నావికులు సముద్రం మీద ఉంటారన్నది సాకు మాత్రమే. సెలవులో ఉన్నవారిని పిలిపించవచ్చు, ఓడలో ఉన్నవారితో ఉపగ్రహ ఇంటర్నెట్ ద్వారా మాట్లాడించవచ్చు. ప్రయాణ ఖర్చులు నిర్వాహకులే భరించాలి. నోరు విప్పితే మరో ఓడలో కొలువు దొరకదనే భయం ఉన్నవారికి పేరు బయటపెట్టకుండా మాట్లాడే వీలు కల్పించాలి. స్పాన్సర్ల తరఫు వక్తలెవరో కార్యక్రమ పత్రంలోనే ప్రకటించాలి.

ముంబయిలో 2023లో రూ.10 లక్షల కోట్లు, 2025లో రూ.12 లక్షల కోట్ల మేర పెట్టుబడి ఒప్పందాలు ప్రకటించారు. వాటిలో ఎన్ని పనుల రూపం దాల్చాయో తదుపరి సదస్సు తొలిరోజే కేంద్రం సభకు నివేదించాలి. ఆ పక్కనే మరో లెక్కా ఉండాలి: దిక్కులేక చిక్కుకుపోయిన భారతీయ నావికులు ఎందరు, వారిలో ఇల్లు చేరినవారు ఎందరు, బకాయి జీతం అందినవారు ఎందరు? ఈ రెండు లెక్కలూ చెప్పని సదస్సుకు ప్రజాధనం ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.