చీలమండ దగ్గర గడ్డ.. కత్తి కన్నా ముందు స్కాన్

చీలమండ పక్కన వాపు కనిపిస్తే ముందు బెణికిందనుకుంటాం. ఉప్పు కాపడం పెడతాం, నూనె రాసి మర్దన చేస్తాం, మందుల షాపులో నొప్పి మాత్రలు కొని మింగుతాం. చాలాసార్లు అది నిజంగా బెణుకే. కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. నెలలు గడిచినా తగ్గని వాపు సంగతి వేరు. దాన్ని చూసి కొందరు ‘క్యాన్సరేమో’ అని హడలిపోతారు. మరికొందరు ‘కొవ్వు గడ్డే కదా’ అని దగ్గర్లోని క్లినిక్‌లో మత్తు సూది వేయించుకుని కోయించేసుకుంటారు. ఆ భయమైనా, ఈ తొందరైనా లోపల ఏముందో చూడకుండా వచ్చేవే.

కండరాన్ని ఎముకతో కలిపే గట్టి తాళ్ల లాంటివి టెండన్లు. చీలమండ దగ్గర ఇవి మలుపు తిరిగి పాదంలోకి వెళ్తాయి. ఒరుసుకుపోకుండా వీటిలో చాలావాటికి తొడుగు ఉంటుంది. తొడుగు లోపలి పల్చటి పొర జిగురు ద్రవాన్ని ఊరుస్తుంది. చాలా అరుదుగా ఈ తొడుగులో కొవ్వు పెరుగుతుంది. అది ఒక్క ముద్దగా ఉంటే లైపోమా. పొర నిండా సన్నటి కొమ్మల్లా, కుచ్చుల్లా పెరిగితే ‘లైపోమా ఆర్బోరెసెన్స్’. లాటిన్‌లో ‘ఆర్బర్’ అంటే చెట్టు. రూపాన్ని బట్టే ఆ పేరు వచ్చింది. ఇది ఎక్కువగా మోకాలిలో వస్తుంది, చీలమండలో మరీ అరుదు. రెండూ క్యాన్సర్ కావు. అలాగని వదిలేయడమూ మంచిది కాదు. తొడుగులో నీరు చేరి నొప్పి రావచ్చు, దీర్ఘకాలంలో టెండన్ నిలువునా చీలవచ్చు కూడా.

మరి అది కొవ్వేనని తెలిసేదెలా? ఎక్స్‌రేలో ఎముక అరిగిందా, గడ్డలో కాల్షియం పేరుకుందా అన్నది తెలుస్తుంది. కొవ్వు గురించి అది చెప్పేది తక్కువ. తర్వాతి మెట్టు అల్ట్రాసౌండ్. ఖర్చు తక్కువ. వాపు నీటిదా, గట్టి కణజాలమా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. పాదం కదిలిస్తూ చూస్తే కొవ్వు కుచ్చులు నీటిలో ఊగడమూ కనిపించవచ్చు. అయితే ఫలితం చూసేవారి అనుభవాన్ని బట్టి ఉంటుంది.

అనుమానం తీరనప్పుడు ఎమ్మారై అక్కరకొస్తుంది. ఇందులో ఒక రకం చిత్రాల్లో కొవ్వు తెల్లగా మెరుస్తుంది. తర్వాత కొవ్వు నుంచి వచ్చే సంకేతాన్ని మాత్రమే అణచివేసి మళ్లీ చిత్రాలు తీస్తారు. గడ్డ నిజంగా కొవ్వుదైతే, చర్మం కింది మామూలు కొవ్వుతో పాటే అదీ నల్లబడిపోతుంది. నీరు మాత్రం తెల్లగానే నిలుస్తుంది. టెండన్ తొడుగులో వచ్చే మరో రకం గడ్డ, జెయింట్ సెల్ ట్యూమర్‌లో పాత రక్తం తాలూకు ఇనుము పేరుకుని దాదాపు అన్ని చిత్రాల్లోనూ నల్ల మచ్చలు కనిపిస్తుంటాయి. ఇలా చర్మం కోయకుండానే చాలా అనుమానాలు తీరిపోతాయి. టెండన్ చీలిందా అన్నదీ అదే స్కాన్‌లో తెలుస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, సైనోవియల్ సార్కోమా అనే క్యాన్సర్ యువతీ యువకుల్లోనూ, చీలమండ, పాదాల దగ్గరా రావచ్చు. కొన్నిసార్లు ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతూ మామూలు గడ్డలా నమ్మిస్తుంది. దాన్ని కొవ్వు గడ్డ అనుకుని కోసేస్తే క్యాన్సర్ కణాలు చుట్టుపక్కల మిగిలిపోతాయి. రెండోసారి మరింత పెద్ద సర్జరీ చేయాల్సి వస్తుంది. స్కాన్‌లో పూర్తిగా కొవ్వులా కనిపించని గడ్డకు, కోసే ముందే బయాప్సీ అవసరమా అన్నది నిపుణులు తేల్చాలి.

అలాగని ప్రతి గడ్డకూ ఎమ్మారై అక్కర్లేదు. చర్మం కిందే మెత్తగా, చిన్నగా, వేలితో కదిపితే జరిగే గడ్డకు చాలావరకు డాక్టర్ పరీక్ష, అల్ట్రాసౌండ్ సరిపోతాయి. 5 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, లోతుగా, గట్టిగా ఉన్నా, నొప్పి పెడుతున్నా, తీశాక మళ్లీ వచ్చినా ఆలస్యం వద్దు.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు గడ్డ ఎక్కడుంది, ఎన్నాళ్లుగా ఉంది, పాత దెబ్బ ఏమైనా ఉందా, కీళ్లవాతం ఉందా అన్నవి డాక్టర్‌తో చీటీలో రాయించుకోండి. గడ్డ ఉన్న చోటును సిబ్బందికి వేలితో చూపించండి. ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు. కానీ పేస్‌మేకర్, ఒంట్లో లోహపు పరికరాలు ఉంటే ముందే చెప్పాలి. కాంట్రాస్ట్ సూది ఇస్తామంటే కిడ్నీ సమస్య సంగతి దాచొద్దు. రిపోర్టుతో పాటు సీడీనీ భద్రపరచుకోండి. రెండో అభిప్రాయానికి వెళ్తే డాక్టర్ చూడాల్సింది చిత్రాలనే.

సర్జరీ తప్పదనుకుంటే డాక్టర్‌ను రెండు ప్రశ్నలు అడగండి. ‘స్కాన్ చూశాకే కోస్తున్నారా? తీసిన ముక్కను పాథాలజీ పరీక్షకు పంపుతారా?’ రెండింటికీ అవుననే జవాబు రావాలి. ‘చిన్న గడ్డే, పరీక్షలెందుకు’ అనే చోట కాలు చాపకండి.