సలమాంకాలో తొలి మాసం

విదేశీ విద్య అనగానే మన సంస్థ ఉద్యోగుల కుటుంబాలలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల ప్రస్తావన రావడం పరిపాటి. స్పెయిన్ వైపు చూసేవారు కొద్దిమందే. అట్టివారికీ, వారిని సాగనంపే తల్లిదండ్రులకూ ఉపకరించే కొన్ని సంగతులను ఈ నెల ముచ్చటించదలచాము.

సలమాంకా విశ్వవిద్యాలయం 1218లో స్థాపితమైనది. దాని ప్రాచీన ముఖద్వార శిల్పాలలో ఒక పుర్రెపై చిన్న కప్ప కూర్చుని ఉంటుంది. ఎవరి సాయమూ లేకుండా దానిని కనుగొన్న విద్యార్థి పరీక్షలో గట్టెక్కుతాడని అక్కడివారి నమ్మకం. కొత్తగా వెళ్లిన మన విద్యార్థికి మాత్రం తొలి పరీక్ష నాలుక మీదనే ఎదురవుతుంది.

స్పానిష్ అచ్చులు ఐదే; మన అచ్చుల వలెనే స్పష్టంగా పలుకుతాయి. చిక్కంతా రేఫతోనే. ‘పెరో’ అంటే ‘కాని’, ‘పెర్రో’ అంటే ‘కుక్క’. సాధురేఫ, శకటరేఫల భేదాన్ని మన వ్యవహారం ఏనాడో విడిచిపెట్టింది. అక్కడ అటువంటి భేదమే అర్థాన్ని మార్చివేస్తుంది.

మర్యాద సంగతి మరొకటి. ‘తూ’ అంటే నువ్వు, ‘ఉస్తేద్’ అంటే మీరు. ఆచార్యులను సైతం ‘తూ’ అని సంబోధించడం స్పెయిన్ విశ్వవిద్యాలయాలలో సాధారణం. గురువును ఏకవచనంతో పిలవడానికి మనసొప్పక, తప్పు పలుకుతానేమోనన్న జంకు వీడక మౌనం వహించే విద్యార్థి క్రమంగా ఒంటరివాడవుతాడు. తొలి మాసంలో అసలు ప్రమాదం ఈ మౌనమే.

దరఖాస్తులలో ఇంటిపేరుకు రెండు గడులుంటాయి. అక్కడివారికి తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ ఉండడమే కారణం. మనవారు పాస్‌పోర్టులో ఉన్నట్లే రాయడం క్షేమం. ఆరు నెలలకు మించి చదివేవారు దేశంలో అడుగిడిన నెలలోగా విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి.

ఇక భోజన వేళలు. మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటల నడుమ. రాత్రి భోజనం తొమ్మిది దాటిన పిదప. శీతకాలంలో మన గడియారం వారికంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది. వారు రాత్రి విస్తరి ముందు కూర్చునేసరికి మనకు అర్ధరాత్రి దాటిపోతుంది. కనుక వారి మధ్యాహ్న విరామంలో, అనగా మన రాత్రి ఏడున్నర ప్రాంతంలో, ఫోనులో పలకరించడం ఉభయులకూ అనుకూలం.

అయితే గంటల తరబడి తెలుగులోనే సేదతీరే బిడ్డకు కొత్త భాష ఆలస్యంగా అబ్బుతుంది. ‘తిన్నావా?’ అని అడిగిన పిమ్మట, ‘ఈ రోజు అక్కడివాళ్లతో ఎంతసేపు మాట్లాడావు?’ అని కూడా అడగవలసిందిగా తల్లిదండ్రులకు మా మనవి.