హోటలు కెక్కిన పల్లె వంటిల్లు

జపాను దేశంలో పాత పల్లెటూరి వంటిల్లు ఇప్పుడు కొన్ని హోటళ్లకు అలంకారమైంది. నేలలో నలుచదరంగా అమర్చిన గుంట పొయ్యి, దానిపైన దూలం నుంచి వేలాడే కొక్కెం, పొగచూరిన వెదుళ్లు చూపి పట్నవాసులను ఆకర్షిస్తున్నారు. 'ఇరోరి' అనే యీ పొయ్యి చుట్టూ కూర్చుని భోంచేయడం వారికొక ముచ్చట.

నిజానికి ఆ వంటింట్లో ఏదీ అందం కోసం పెట్టింది కాదు. కొక్కెం పైకి జరిపితే కుండకు సెగ తగ్గేది, కిందికి దించితే పెరిగేది. పొగ వల్ల గడ్డి కప్పుకు పురుగు పట్టేది కాదు. తరాల తరబడి ఆ పొగకు రంగు మారిన వెదుళ్లకే నేడు గిరాకీ.

అయితే కప్పును కాచిన పొగే ఆడవారి కళ్లను మండించింది. 1948లో జపాను వ్యవసాయ శాఖ గ్రామీణ జీవన మెరుగుదల కార్యక్రమం ప్రారంభించగా, పల్లె స్త్రీలు ముందుగా చేపట్టిన పనులలో పొగగొట్టం గల పొయ్యి కట్టుకోవడం ఒకటి కావడం గమనార్హం.

పాత పొయ్యిని హోటలులో పెట్టడం తప్పు కాదు. నిప్పు చుట్టూ నలుగురూ కలిసి తినే మర్యాద నిలవవలసిందే. కాని గోడకు మసి రంగు పూసినంతనే పల్లె వంటిల్లు కాబోదు. వండేవారికి గాలి, వెలుతురు, నడుము వంచనక్కరలేని వీలు ముందు చూడాలి. తినేవారి కంటికి ఇంపైన వంటిల్లు వండేవారి కంట నీరు తెప్పించరాదు. కట్టెల పొయ్యి ఊదిన ప్రతి ఇల్లాలికీ యీ సంగతి తెలుసు. హోటళ్లు కట్టేవారికే తెలియవలసి వుంది.