పాటతో కాదు, మాటతో టెస్ట్ చేయండి

కొత్త హోమ్ థియేటర్ వచ్చిన ఇంట్లో మొదటి వారం రెండే డైలాగులు. "సౌండ్ కొంచెం పెంచరా, ఏం మాట్లాడుతున్నారో అర్థం కావట్లేదు." రెండు నిమిషాల్లో ఫైట్ మొదలవగానే, "అబ్బా, తగ్గించరా బాబూ, పక్కింటివాళ్లు వచ్చేస్తారు!" ఇక సినిమా అయ్యేదాకా ఒకరికి రిమోట్ డ్యూటీ. చాలా ఇళ్లలో ఆ డ్యూటీ మనదే. "కంప్యూటర్ సైన్స్ చదువుతున్నావుగా" అన్న ఒక్క మాట చాలు, ఇంట్లో ఉన్న ప్రతి వైరుకీ మనమే జవాబుదారీ.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కొత్త సిస్టమ్‌ని పాట పెట్టి చెక్ చేయడం మన దగ్గర అలవాటు. ఆ అలవాటు మారాలి. మాటలు పెట్టి చెక్ చేయాలి. ఆ మాటలు అర్థమయ్యాయో లేదో చెప్పాల్సింది ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లు. "బేస్ అదిరింది మామా" అని మనం ఇచ్చే సర్టిఫికెట్‌కి అక్కడ విలువ లేదు.

ఎందుకంటున్నానో ఒక ఉదాహరణ చెబుతాను.

మొన్న దసరా సెలవులకి తెనాలిలో మా మావయ్య వాళ్లింటికి వెళ్లాను. అంతకు పది రోజుల ముందే వాళ్లు 5.1 సిస్టమ్ పెట్టించారు. ఫిట్ చేయడానికి వచ్చినతను వైర్లన్నీ నీట్‌గా లాగి, తన ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపి ఒక మాస్ పాట పెట్టి, కిటికీ అద్దాలు అదిరేలా వినిపించి, సంతకం తీసుకుని వెళ్లిపోయాడట. ఆ రోజు అందరూ హ్యాపీ. గొడవంతా తర్వాత మొదలైంది. ఓటీటీలో సినిమా పెడితే మా అమ్మమ్మకి మాటలు అందట్లేదు. మావయ్య షాపుకి ఫోన్ చేస్తే, "ఈ మోడల్‌కి బేస్ ఎక్కువండీ, పెద్దవాళ్లకి కొంచెం అలాగే ఉంటుంది" అన్నారట. మిగతావాళ్లు కూడా సౌండ్ పెంచుకుంటూ, సబ్‌టైటిల్స్ చదువుకుంటూ నెట్టుకొస్తున్నారు. అమ్మమ్మ ఒక్కతే నోరు తెరిచి చెప్పింది కాబట్టి తప్పు ఆవిడ చెవులదే అని తేల్చేశారు. ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు. ఇంకెవరికీ అనుమానం కూడా రాలేదు. నేను వెళ్లేసరికి సినిమా పెట్టే టైముకి ఆవిడ లోపలి గదిలోకి వెళ్లి పడుకోవడం మొదలుపెట్టింది.

కానీ ఆవిడ ఒక మాట అంటూనే ఉంది. "సీరియల్ బాగానే వినపడుతోందిరా. సినిమాయే వినపడట్లేదు."

దీన్ని అందరూ జోక్ చేశారు. "మీకు సీరియలైతే గోడ అవతలనుంచైనా వినపడుతుంది లెండి అత్తయ్యా" అని మా అత్త నవ్వింది.

మన ల్యాబ్ భాషలో చెప్పాలంటే అమ్మమ్మ ఇచ్చింది ఫస్ట్ క్లాస్ బగ్ రిపోర్ట్. ఎప్పుడు పనిచేస్తోంది, ఎప్పుడు చేయట్లేదు, రెండూ అందులో ఉన్నాయి. అదే గది, అదే కుర్చీ, అవే చెవులు. ఒకటి వినపడి ఇంకోటి వినపడకపోతే తేడా చెవిలో కాదు, స్పీకర్లకి వచ్చే సిగ్నల్‌లో వెతకాలి.

5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. ముందు ఎడమ, కుడి, మధ్యలో సెంటర్, వెనక వైపు రెండు సరౌండ్‌లు. ఆ ".1" అనేది 120 హెర్ట్జ్ లోపు ఉండే గుమగుమల కోసం. 5.1లో మిక్స్ చేసిన సినిమాలో డైలాగులు దాదాపు అన్నీ సెంటర్ స్పీకర్‌లోకే వెళ్తాయి. సంగీతం పక్క స్పీకర్లలో, వాన, జనం గోల సరౌండ్‌లో ఉంటాయి. అయితే ఫోన్ నుంచి బ్లూటూత్‌లో వచ్చే పాట స్టీరియో, అంటే రెండు ఛానళ్లే. వాళ్ల కేబుల్‌లో వచ్చే సీరియల్ కూడా స్టీరియోనే. మామూలు స్టీరియో మోడ్‌లో ఉంటే సెంటర్ స్పీకర్‌కి పనే ఉండదు. అంటే సెంటర్ చచ్చిపోయి ఉన్నా పాట అదిరిపోతుంది, సీరియల్ శుభ్రంగా వినపడుతుంది. సినిమాలో మాత్రం మనుషులు పెదాలు కదుపుతారు, వాన చప్పుడు వినపడుతుంది. ఫిట్ చేసినతను పెట్టిన పాట ఈ లోపాన్ని ఎప్పటికీ పట్టుకోలేదు. అది అసలు ఆ స్పీకర్‌ని తాకనే లేదు.

సెటప్ మెనూలో టెస్ట్ టోన్ అని ఒకటి ఉంటుంది. ఒక్కో స్పీకర్ నుంచి వరసగా "ష్‌ష్" అని చప్పుడు వస్తుంది. ఎడమ వచ్చింది. సెంటర్ వంతు వచ్చేసరికి నిశ్శబ్దం. తర్వాత కుడి వచ్చింది. పవర్ ఆఫ్ చేసి బాక్సు వెనక చూస్తే, సెంటర్ వైరుకి ప్లాస్టిక్ తొడుగు సరిగ్గా తీయకుండానే క్లిప్‌లో దూర్చేశారు. లోపలి రాగి ఎక్కడా తగలట్లేదు. ఒక సెంటీమీటర్ తొడుగు తీసి మళ్లీ పెట్టాం. ఐదు నిమిషాల పని. ఆ రాత్రి అమ్మమ్మ సినిమా మొత్తం చూసింది, మధ్యలో విలన్‌ని తిట్టింది కూడా. వైరు బాగుపడింది కానీ "అమ్మమ్మకి చెవుడు" అన్న మాట మాత్రం ఆ ఇంట్లో ఇంకా పూర్తిగా పోలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ప్రతి ఇంట్లోనూ తప్పు వైరులోనే ఉంటుందని అనను. కానీ వెతికే పద్ధతి ఒకటే: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక మాటలు వినాలి. నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. మన కోడ్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది.

టెస్ట్ టోన్‌లో అన్ని స్పీకర్లూ పలికాయా? పలికితే, ఎరుపు వైరు ఎరుపుకీ, నలుపు నలుపుకీ ఉన్నాయా చూడండి. ఒక స్పీకర్‌కి తిరగబడితే సౌండ్ వస్తుంది కానీ బేస్ పలచబడుతుంది, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియదు.

తర్వాత టీవీ. హెచ్‌డీఎంఐ వైరు ఏ పోర్టులో ఉంది? టీవీ సౌండ్‌ని బాక్సుకి తిరిగి పంపే పోర్టు పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉంటుంది. వేరే పోర్టులో పెడితే టీవీలోని యాప్‌ల సౌండ్ బాక్సుకి రాదు. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ "పీసీఎం" అని ఉంటే ఏఆర్‌సీలో రెండు ఛానళ్లే వెళ్తాయి. 5.1 కావాలంటే "ఆటో" గానీ "బిట్‌స్ట్రీమ్" గానీ పెట్టాలి. మాట ఒకటికి రెండుసార్లు, బావిలోంచి వచ్చినట్టు వినపడుతోందా? టీవీ సొంత స్పీకర్లు కూడా ఆన్‌లో ఉండి ఉంటాయి, ఆపేయండి. పెదాలకీ మాటకీ పొత్తు కుదరకపోతే ఆడియో డిలే సెట్టింగ్ ఉంది. మాట పెదాలకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, మనకి తేడా తెలిసిపోతుంది. వెనకబడితే మాత్రం సుమారు 125 దాకా మన మెదడు సర్దుకుపోతుంది.

స్పీకర్లు తిన్నగా ఉండి ఆగకుండా "గుంయ్" అనే మోత వస్తుంటే అది చాలాసార్లు మన కరెంటు 50 హెర్ట్జ్ మోతే. కేబుల్ టీవీ వైరు ఒకసారి పీకి చూడండి. మోత ఆగితే దొంగ ఎవరో దొరికినట్టే. మోత పోవడానికి మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా తీసేయకండి. అది ప్రాణాలు కాపాడే పిన్ను.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా మాట అందకపోతే అసలు కథ మొదలవుతుంది. రిమోట్‌లో వాల్యూమ్ పెంచితే మాటతో పాటు బాంబు కూడా పెరుగుతుంది. రెండిటి మధ్య నిష్పత్తి మారదు. మారాలంటే మెనూలోకి వెళ్లి సెంటర్ లెవెల్ ఒక్కదాన్నే 2, 3 డెసిబెల్స్ పెంచాలి. సబ్‌వూఫర్‌ని గది మూలలోంచి కొంచెం బయటకి జరపాలి. మూలలో పెడితే గోడలు బేస్‌ని పెంచేస్తాయి, ఆ గుమగుమ మాటని కప్పేస్తుంది. డప్పు పక్కన నిలబడి రహస్యం చెప్పినట్టుంటుంది. నైట్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. అది పెద్ద చప్పుడుని తగ్గించి, చిన్న చప్పుడుని పెంచుతుంది. గది సంగతీ చూడాలి. కింద టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు ఉంటే ప్రతి మాటా గోడకి కొట్టుకుని తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. ఒక తివాచీ, మందపాటి కర్టెన్లు చేసే పని చాలాసార్లు ఖరీదైన స్పీకర్ కూడా చేయలేదు.

ఇక పెద్దవాళ్లనే ఎందుకు అడగాలి? మాటల్లో అచ్చులు గట్టిగా, కింది ఫ్రీక్వెన్సీల్లో పలుకుతాయి. అర్థాన్ని విడదీసేవి ఎక్కువగా హల్లులు. "పాలు", "కాలు", "తాలు" మూడింట్లో తేడా మొదటి క్షణంలో వచ్చే చిన్న చప్పుడే. "స", "శ" లాంటివైతే ఇంకా పై ఫ్రీక్వెన్సీల్లో, సన్నగా ఉంటాయి. వయసుతో పాటు చెవి ముందుగా కోల్పోయేది ఆ పై ఫ్రీక్వెన్సీలనే. అంటే సిస్టమ్‌లో సెంటర్ కాస్త తగ్గినా, బేస్ కాస్త పెరిగినా దెబ్బ మొదట తగిలేది వాళ్లకే. మనం జారిపోయిన అక్షరాన్ని ఊహించి పూరించేసుకుంటాం, అందుకే మనకి లోపం కనపడదు. అలాంటప్పుడు మంచి టెస్టర్ ఎవరు? తప్పుని కప్పేసేవాళ్లా, బయటపెట్టేవాళ్లా?

దీని మీద హాస్టల్లో మా రూమ్మేట్స్‌తో వాదన అయింది. "థియేటర్ ఫీల్ కోసమే కదా కొన్నది, వార్తలు వినడానికి టీవీ చాలదా?" అన్నారు. థియేటర్ సంగతే చూద్దాం. సినిమాలని మిక్స్ చేసేది 85 డెసిబెల్స్ అనే రిఫరెన్స్ లెవెల్‌ని పట్టుకుని. హాలు చీకటిగా, నిశ్శబ్దంగా ఉంటుంది. మన హాల్లో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటుంది, వంటింట్లో కుక్కర్ కూస్తుంటుంది, మనం వినేది అంతకంటే చాలా తక్కువ సౌండ్‌లో. మెల్లగా చెప్పిన డైలాగ్ ఫ్యాన్ చప్పుడు కిందకి వెళ్లిపోతుంది, పేలుడు మాత్రం పైనే ఉంటుంది. కాబట్టి మాట స్పష్టంగా వినపడేలా సర్దుకోవడమే థియేటర్ ఫీల్‌కి దగ్గర దారి.

"సబ్‌టైటిల్స్ ఉన్నాయిగా" అన్నది రెండో వాదన. ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనం తెలుగు సినిమాకి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని హాయిగా చూసేస్తాం. ఇంగ్లీష్ రాని పెద్దావిడకి ఆమె భాష సినిమాని ఆమె ఇంట్లోనే అర్థం కాకుండా చేసి, పక్కన ఇంగ్లీష్ అక్షరాలు చూపించడం ఏం న్యాయం? 1932లో "భక్త ప్రహ్లాద" వచ్చినప్పుడు జనం వెళ్లింది బొమ్మ మాట్లాడుతోందనే. హాలుకి "టాకీస్" అని పేరు వచ్చింది కూడా ఆ మాట వల్లే. 1957 నాటి "మాయాబజార్" డైలాగులు ఇప్పటికీ అప్పచెప్పే తాతయ్యలున్నారు. వాళ్లకి సినిమా అంటే ముందు మాట.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నిజంగా వినికిడి తగ్గడం ఉంటుంది. ఫోన్‌లోనూ, ఎదురుగా కూర్చుని మాట్లాడినప్పుడూ మాట అందకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఆడియోమెట్రీ చేయించాలి, వాయిదా వేయకూడదు. నా గొడవ వరుస క్రమం గురించి. వైరు చూడటానికి ఐదు నిమిషాలు, సెట్టింగులు చూడటానికి అరగంట. అది కూడా చేయకుండా మనిషికి పేరు పెట్టేయడం అన్యాయం. ఒకసారి "చెవుడు" అన్నాక ఆ మనిషి ఏం చెప్పినా ఎవరూ పట్టించుకోరు, కొన్నాళ్లకి వాళ్లే చెప్పడం మానేస్తారు.

షాపులవాళ్లని నేను అడిగేది చిన్న విషయం. బ్లూటూత్ పాటతో పాటు 5.1 ఉన్న సినిమాలో మాటల సీన్ రెండు నిమిషాలు పెట్టి, టెస్ట్ టోన్ వినిపించాకే సంతకం అడగండి. వాళ్లు చేయకపోతే మనం చేద్దాం. ఈసారి ఇంటికెళ్లినప్పుడు టెస్ట్ టోన్ ఒకసారి తిప్పండి. ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీన్ పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లని వాళ్లు రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టి, "ఇప్పుడేమన్నారు?" అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే వాళ్లవైపు చూడకండి, బాక్సు వెనకవైపు చూడండి.