తెరుచుకోని క్విజ్ ఎవరికోసం?

మీలో చాలామంది కంప్యూటరు మీద క్విజ్‌లు తయారుచేస్తూ ఉంటారు. ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి. ఒకదాన్ని నొక్కగానే అది తప్పో ఒప్పో తెలిసిపోతుంది. చివర మార్కులు కూడా కనిపిస్తాయి. కాగితం మీది ప్రశ్నలకు ఈ సౌకర్యం లేదు కదా! ఇంత శ్రమపడి చేసిన క్విజ్‌ను స్నేహితులకు పంపుతారు. అది వాళ్ల దగ్గర తెరుచుకుంటుందా? ఈ ప్రశ్న ఎప్పుడైనా వేసుకున్నారా?

మంచి ప్రశ్నలు రాయడం ఎంత ముఖ్యమో, అందుకునేవారు వాటిని తేలిగ్గా తెరవగలిగేలా చూడడం కూడా అంత ముఖ్యమని నా అభిప్రాయం. తెరుచుకోని క్విజ్ పంపడమంటే ఊరించి ఉసూరుమనిపించడమే.

ఒక ఉదాహరణ చూడండి. ఒకప్పుడు ఎన్నో క్విజ్‌లను, ఆటలను ‘ఫ్లాష్’ అనే పద్ధతిలో తయారుచేసేవారు. వాటిని తెరవాలంటే అడోబీ కంపెనీవారి ఫ్లాష్ ప్లేయర్ ఉండాలి. 2020 డిసెంబరు 31తో ఆ కంపెనీ దానికి మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్‌లో ఫ్లాష్ ఫైళ్లు నడవకుండా చేసింది. ప్రశ్నలు చెడిపోలేదు, జవాబులు మారలేదు. కాని వాటి తాళంచెవి ఒక్కరి చేతిలోనే ఉండిపోయింది! ఔత్సాహికులు రాసిన ‘రఫిల్’ అనే ప్రోగ్రాం వల్ల వాటిలో కొన్ని మళ్లీ నడుస్తున్నాయి. అన్నీ కాదు.

విండోస్ కోసం చేసిన ‘ఈఎక్స్‌ఈ’ ఫైలుతో ఇంకో చిక్కు. అది ఆండ్రాయిడ్ ఫోనులో నడవదు. పైగా అలాంటి ఫైళ్లలో వైరస్‌లు దాగి ఉండవచ్చు. అందుకే జీమెయిల్ వాటిని పంపనివ్వదు.

మరి ఏం చెయ్యాలి? ప్రతి కంప్యూటరులోను, స్మార్టు ఫోనులోను ముందే ఉండేది బ్రౌజరు. అది చదివే భాష హెచ్‌టీఎంఎల్. జెనీవా దగ్గర ఉన్న సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ దీన్ని రూపొందించాడు. ఇది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ప్రశ్నలు హెచ్‌టీఎంఎల్‌లో, రంగులు సీఎస్‌ఎస్‌లో, తప్పొప్పులు తేల్చే లెక్క జావాస్క్రిప్టులో రాసి, మూడింటినీ ఒకే ఫైలులో పెట్టవచ్చు. బొమ్మలను కూడా అక్షరాలుగా మార్చి అందులోనే ఇమడ్చవచ్చు. అప్పుడు బొమ్మ పరిమాణం సుమారు మూడో వంతు పెరుగుతుంది, అంతే. ఫైలు చేరాక ఇంటర్నెట్టుతో పని లేదు.

అది ఎంత చిన్నదో లెక్క వేద్దామా? యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. 20 ప్రశ్నలు, జవాబులతో కలిపి ఒక్కొక్క ప్రశ్నకు 200 సంకేతాలు అనుకుంటే, 20 × 200 × 3 = 12,000 బైట్లు. 30 లక్షల బైట్ల ఫొటో పట్టేచోట ఇలాంటి ప్రశ్నపత్రాలు 250 పడతాయి!

“ఫైలు ఎందుకు, లింకు పంపితే చాలదా?” అని మీరు అడగవచ్చు. లింకు తెరవాలంటే ఆ సమయానికి ఇంటర్నెట్టు ఉండాలి. ఆ సేవను నడిపేవారు ఆపేస్తే మీ క్విజ్ కూడా ఆగిపోతుంది. ఫైలైతే మీ దగ్గరే ఉంటుంది.

దీనికీ ఒక లోపం ఉంది. ఫైలు లోపలి రాత చదవగలిగినవారికి జవాబులు దొరికిపోతాయి. కాబట్టి మార్కులు వేసే పరీక్షకు ఇది పనికిరాదు. అభ్యాసానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది. తనను తాను పరీక్షించుకునేవాడు జవాబులు దొంగిలించి ఏం బావుకుంటాడు?

మరో జాగ్రత్త. హెచ్‌టీఎంఎల్ ఫైలుతో కూడా మోసం చేసేవారున్నారు. తెలిసినవారు పంపితేనే తెరవండి. పాస్‌వర్డు అడిగితే వెంటనే మూసెయ్యండి.

మీ క్విజ్ సిద్ధమైందా? పంపే ముందు దాన్ని ఇంట్లోవాళ్ల పాత ఫోనులోకి ఎక్కించి, ఇంటర్నెట్టు ఆపి తెరవండి. కొన్ని ఫోన్లలో నమూనా మాత్రమే కనిపించి, జవాబులు నొక్కినా పలకవు. అలాగైతే “బ్రౌజరులో తెరవండి” అని ఒక మాట రాసి పంపండి. అందరికంటే పాత ఫోను ఉన్న స్నేహితుడు కూడా ఆడగలిగినప్పుడే మీ క్విజ్ పూర్తయినట్టు!